టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో ఈ సలహాలు వినకండి

ఎంఎస్సీ ఆఖరి సెమిస్టర్ మొదలైందంటే హైదరాబాద్‌లో నాంపల్లి, ఆబిడ్స్, ఖైరతాబాద్ చుట్టుపక్కల బాటనీ, బయోటెక్నాలజీ చదివే పిల్లలు చాలామంది ఒకే తరహా ప్రాజెక్టు ఎత్తుకుంటారు. ఒక ఔషధ మొక్క ఆకు ముక్కో, కణుపు ముక్కో తెచ్చి గాజు సీసాలో కేలస్, అంటే ఆకారం లేని కణాల ముద్ద, పెంచుతారు. అందులో ఫినాలిక్కులు, ఫ్లేవనాయిడ్లు ఎంత ఉన్నాయో చూస్తారు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కేటలేజ్, పెరాక్సిడేజ్ ఎంజైములు ఎంత చురుగ్గా ఉన్నాయో కొలుస్తారు. మంచి పనే. లామినార్ ఫ్లో, ఆటోక్లేవ్, స్పెక్ట్రోఫోటోమీటర్, చల్లగా తిరిగే సెంట్రిఫ్యూజ్ ఉంటే మన కాలేజీ ల్యాబుల్లోనే చేసుకోవచ్చు. మొక్క తనను తాను ఎలా కాపాడుకుంటుందో కళ్ళారా చూడొచ్చు.

చిక్కంతా ప్రాజెక్టుతో పాటు చేతికందే సలహాలతో వస్తుంది. సీనియర్లు చెప్తారు. పాత థీసిస్‌లో రాసి ఉంటుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ప్రాక్టికల్ మాన్యువల్‌లో ఉంటుంది. బైండింగ్ షాపు ముందు నిలబడ్డప్పుడు పక్కవాళ్ళు చెవిలో వేస్తారు. ఒకరి నోటి నుంచి ఒకరికి పాకి అవి ల్యాబ్ ఆనవాయితీ అయిపోయాయి. వాటిలో బాగా తిరుగుతున్న వాటిని ఇక్కడ పట్టుకుని, ఎందుకు వినకూడదో, వాటి బదులు ఏం చేయాలో చెప్తాను.

"మొక్క కోసం తిరగడమెందుకు, బేగంబజార్‌లో అన్నీ దొరుకుతాయి"

బేగంబజార్ జడీబూటీ దుకాణాల్లో దొరికేది ఎండిన సరుకు. ఎండిన ఆకులో కణాలు చచ్చిపోయి ఉంటాయి, వాటి నుంచి కేలస్ రాదు. అశ్వగంధ గింజల్లాంటివి తెచ్చి మొలిపించుకోవచ్చు, అంతవరకే. అంతకంటే పెద్ద చిక్కు అది ఏ మొక్కో తేల్చుకోవడం. నేల ఉసిరి పేరుతో వచ్చే మూటలో ఫిల్లాంథస్ అమారస్ ఒక్కటే ఉంటుందన్న భరోసా లేదు. దాని అన్నదమ్ముల్లాంటి జాతులు ఆకు చూడగానే తేడా తెలియనంత దగ్గరగా ఉంటాయి, కలిసిపోయి వస్తాయి. మీరు ఒక జాతి పేరు రాసి ఇంకో జాతిని కొలిస్తే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా ఫలితం లేదు.

పచ్చి మొక్క తెచ్చుకోండి. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా జరిగినప్పుడు కుండీ మొక్కలు కొనుక్కోవచ్చు. బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది, రాజేంద్రనగర్‌లో ఔషధ మొక్కల మీద పనిచేసేవాళ్ళున్నారు. గైడ్ చేత ఉత్తరం రాయించుకుని అడగండి. పబ్లిక్ గార్డెన్స్‌లో మాత్రం చేయి వేయకండి, అది అందరి తోట. తెచ్చిన మొక్కలో పువ్వు, కాయ ఉన్న ఒక కొమ్మను నొక్కి ఆరబెట్టి హెర్బేరియం షీటు చేయండి. దాన్ని ఉస్మానియా బాటనీ విభాగంలోనో, బొటానికల్ సర్వే వారి దక్కన్ ప్రాంతీయ కేంద్రంలోనో గుర్తింపచేసుకుని, ఆ నెంబరు మీ రిపోర్టు మొదటి పేజీల్లో రాయండి. ఏ నెలలో, ఎక్కడ కోశారో కూడా రాయండి. వానాకాలం ఆకూ వేసవి ఆకూ ఫినాలిక్కుల లెక్కలో ఒకటి కావు.

"స్టెరిలైజేషన్‌కు మెర్క్యురిక్ క్లోరైడ్ కొట్టు, మిగిలింది సింకులో పోసెయ్"

ఈ సలహా మొదటి భాగం పాతది, రెండో భాగం నేరం. 0.1 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్ కొన్ని నిమిషాల్లో బూజు, బ్యాక్టీరియాలను చంపుతుంది, నిజమే. కానీ పాదరసం ఎక్కడికీ పోదు. ఆటోక్లేవ్ చేసినా పోదు, నీళ్ళు కలిపినా పోదు. నాంపల్లి సింకు నుంచి నాలాకు, నాలా నుంచి మూసీకి చేరుతుంది. దాని దిగువన ఆకుకూరలు పండించేవాళ్ళున్నారు. పైగా నీళ్ళ అడుగు బురదలో బ్యాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది, అది చేపల్లో పేరుకుంటుంది, ఆ రూపంలో అది నరాలకు విషం.

చాలా మొక్కలకు పారే నీళ్ళ కింద బాగా కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం ముంచి, రెండు చుక్కల ట్వీన్-20 కలిపిన సోడియం హైపోక్లోరైట్‌లో పది నిమిషాలు ఉంచి, స్టెరైల్ నీళ్ళతో నాలుగైదు సార్లు కడిగితే సరిపోతుంది. సమయం మీ మొక్కను బట్టి సరిచూసుకోవాలి. మీ ల్యాబ్‌లో ఇప్పటికీ పాదరసం సీసా ఉంటే, వాడిన ద్రావణం విడిగా సీసాలో పట్టి, పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్ళేవారికి అప్పగించమని డిపార్ట్‌మెంట్‌ను అడగండి. అడగడం మీ హక్కు.

"మీడియం గురించి ఆలోచించకు, అందరూ ఎంఎస్ వాడతారు"

వాడతారు, నిజమే. కానీ మురాషిగె, స్కూగ్ 1962లో ఆ మీడియాన్ని పొగాకు కణజాలం కోసం తయారుచేశారు. మీ తిప్పతీగ కోసమో, నేలవేము కోసమో కాదు. అది చాలా మొక్కలకు పనికొచ్చింది, అందుకే నిలిచింది. యాంటీఆక్సిడెంట్ ఎంజైములు కొలిచేవాళ్ళు మాత్రం ఆ మీడియంలో ఏముందో ఒక్కసారైనా చదవాలి. లీటరుకు కాపర్ సల్ఫేట్ 0.025 మిల్లీగ్రాములు, జింక్ సల్ఫేట్ 8.6, మాంగనీస్ సల్ఫేట్ 22.3, ఫెర్రస్ సల్ఫేట్ 27.8 మిల్లీగ్రాములు. మొక్కల్లో సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ మూడు రకాలు: రాగి, జింకు కలిసి పట్టుకునేది ఒకటి, మాంగనీసుది ఒకటి, ఇనుముది ఒకటి. కేటలేజ్, పెరాక్సిడేజ్‌ల గుండెలో ఇనుముతో కూడిన హీమ్ ఉంటుంది. అంటే ఆ ఎంజైములకు కావలసిన లోహాలను పోసేది మీ చేయే. రాగి అంత తక్కువున్న మీడియంలో పెరిగిన కేలస్‌ను, మట్టిలో పెరిగిన ఆకుతో పోల్చి "కేలస్‌లో ఈ ఎంజైము తక్కువ" అని రాసేముందు ఈ సంగతి గుర్తుండాలి. స్టాకు ద్రావణాలు కలిపేటప్పుడు ఒక మైక్రో మూలకం మరిచిపోతే అది గ్రాఫులో ఎంజైము తగ్గుదలగా కనిపిస్తుంది, మరుపుగా కనిపించదు.

2,4-డి అనే హార్మోను సంగతి కూడా అంతే. కేలస్ తొందరగా వస్తుందని దాన్ని ఎక్కువ పోయమంటారు. అది కలుపుమందు. ఎక్కువ మోతాదులో కణాలకు ఒత్తిడి తెస్తుంది, ఒత్తిడి ఆక్సీకరణ ఎంజైములను పెంచుతుంది. మోతాదు మార్చిన ప్రతిసారీ కేలస్ ఎంత పెరిగిందో కూడా తూచి రాయండి.

"కేలస్ నల్లబడితే ఆస్కార్బిక్ ఆమ్లం దండిగా కలుపు"

ఈ సలహా దగ్గర కాస్త ఆగాలి. చాలా థీసిస్‌లు తెలియకుండా దెబ్బతినేది ఇక్కడే.

కోసిన చోట కణాలు పగిలి, లోపల దాగిన ఫినాలిక్కులు బయటికొస్తాయి. పాలీఫినాల్ ఆక్సిడేజ్ వాటిని క్వినోన్లుగా మారుస్తుంది. ముక్క గోధుమరంగై, నల్లబడి చస్తుంది. ఔషధ మొక్కల్లో ఫినాలిక్కులు ఎక్కువ కాబట్టి ఈ బెడద ఎక్కువ. మనం వెతికే పదార్థమే మన కల్చర్‌ను చంపుతోందన్నమాట. దీన్ని ఆపడానికి మీడియంలో ఆస్కార్బిక్ ఆమ్లం, సిట్రిక్ ఆమ్లం, పీవీపీ, యాక్టివేటెడ్ చార్‌కోల్ కలుపుతారు. తప్పేమీ లేదు. చిక్కు తర్వాత వస్తుంది.

అదే కేలస్‌ను తీసి మిథనాల్‌లో నూరి, యాంటీఆక్సిడెంట్ శక్తిని కొలవడానికి ఊదారంగు డీపీపీహెచ్ రాడికల్‌తో పరీక్ష పెడతారు. ఊదారంగు పోయి పసుపు తిరిగింది, యాంటీఆక్సిడెంట్ శక్తి బ్రహ్మాండంగా ఉందని రాస్తారు. మీరే కలిపిన ఆస్కార్బిక్ ఆమ్లం ఆ పరీక్షలో ప్రామాణిక యాంటీఆక్సిడెంట్. కేలస్ అడుగున అంటుకున్న అగర్‌తో పాటు అదీ వచ్చేసింది. ఫోలిన్-సియోకాల్టూ పరీక్షదీ ఇదే కథ. దానికి "మొత్తం ఫినాలిక్కులు" అని పేరున్నా, ఆ రీయేజెంటు ఫినాల్‌ను మాత్రమే వెతకదు. క్షయకరణం చేసే ప్రతి పదార్థంతోనూ స్పందిస్తుంది: ఆస్కార్బిక్ ఆమ్లంతో, కొన్ని చక్కెరలతో, టైరోసిన్ ఉన్న ప్రోటీన్లతో. ఎంఎస్ మీడియంలో లీటరుకు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, ఆటోక్లేవ్ వేడికి అందులో కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విరుగుతుంది.

కాబట్టి మూడు పనులు చేయండి. కేలస్‌ను తీసిన వెంటనే స్టెరైల్ నీళ్ళతో కడిగి, వడపోత కాగితం మీద ఒత్తి అగర్ అంతా తీసేయండి. మొక్క పెట్టని ఖాళీ మీడియాన్ని అదే గదిలో అన్ని రోజులూ ఉంచి, దాన్నీ అదే విధంగా నూరి, అదే పరీక్ష పెట్టి, వచ్చిన విలువ మీ రిపోర్టులో చూపండి. వీలైతే ఆస్కార్బిక్ ఆమ్లం లేని మీడియం మీదకు ఒకటి రెండు సబ్‌కల్చర్లు మార్చాకే కోతకు తీయండి. ఈ ఖాళీ మీడియం కంట్రోల్ ఉన్న థీసిస్‌ను నేను నమ్ముతాను. అది లేనిదాన్ని పట్టికలు ఎంత అందంగా ఉన్నా నమ్మను.

"ఎక్స్‌ట్రాక్టు పొద్దున తీసి పెట్టు, మధ్యాహ్నం తాపీగా చదువుకో"

ఎంజైము ప్రోటీను. నూరిన క్షణం నుంచి దాన్ని కొరికే ప్రోటీయేజులు, దానికి అంటుకునే ఫినాలిక్కులు అదే గిన్నెలో ఉంటాయి. మే నెలలో హైదరాబాద్ గదిలో ఒక గంట బల్ల మీద ఉంచిన ఎక్స్‌ట్రాక్టులో మీరు కొలిచేది చావగా మిగిలినదాన్ని. రోలు ముందే ఫ్రీజర్‌లో పెట్టండి. బఫర్ మంచు మీద ఉండాలి. పీహెచ్ 7 దగ్గర ఫాస్ఫేట్ బఫర్, కొంచెం ఈడీటీఏ, ఫినాలిక్కులను పట్టుకోవడానికి పీవీపీ. సెంట్రిఫ్యూజ్ 4 డిగ్రీల దగ్గర తిరగాలి. తీసిన వెంటనే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చదవండి, లేదా ద్రవ నత్రజనిలో గడ్డకట్టించిన కణజాలాన్ని మైనస్ 80లో దాచుకోండి.

పీవీపీ వేయకపోతే ఏమవుతుందో చెప్తాను. ఫినాలిక్కులు ఎక్కువున్న కేలస్‌లో ఎంజైములు ఫినాలిక్కులకు అతుక్కుని చతికిలపడతాయి. "ఫినాలిక్కులు పెరిగితే ఎంజైములు తగ్గుతాయి" అని ఒక సిద్ధాంతం మీ రిపోర్టులో పుట్టుకొస్తుంది. అది గిన్నెలో పుట్టిన సంబంధం, మొక్కలో ఉన్నది కాదు.

ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఆస్కార్బేట్ లేని బఫర్‌లో ఈ ఎంజైము, ముఖ్యంగా క్లోరోప్లాస్ట్‌ది, చూస్తుండగానే చచ్చిపోతుంది. కాబట్టి దీని కోసం తీసే ఎక్స్‌ట్రాక్టు బఫర్‌లో కొద్దిగా ఆస్కార్బేట్ కలపాలి. అదే ఎక్స్‌ట్రాక్టును సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌కు వాడితే ఆస్కార్బేట్ అక్కడ అబద్ధం చెప్తుంది. ఎన్‌బీటీ పద్ధతిలో వెలుగు కింద పుట్టిన సూపరాక్సైడ్ ఎన్‌బీటీ అనే రసాయనాన్ని నీలిరంగుకు మారుస్తుంది. ఆ నీలాన్ని సగానికి తగ్గించేంత ఎంజైమును ఒక యూనిట్ అంటాం. ఎంజైము లేకుండా ఆస్కార్బేటో, ఫినాలిక్కో సూపరాక్సైడ్‌ను తినేసినా నీలం తగ్గుతుంది. రెండు ఎంజైములకు రెండు ఎక్స్‌ట్రాక్టులు తీయండి. ఎన్‌బీటీ పరీక్షకు పక్కన ఒక మరిగించిన ఎక్స్‌ట్రాక్టు ఎప్పుడూ పెట్టండి. మరిగించినా నీలం తగ్గుతోందంటే అందులో ఎంత చిన్న అణువుల పనో, ఎంత ఎంజైము పనో తేలుతుంది. సెఫడెక్స్ జీ-25 స్తంభం గుండా పంపి చిన్న అణువులను తీసేస్తే ఇంకా శుభ్రం.

"ఏ క్యూవెట్ అయినా ఒకటే" అనేవాళ్ళ మాట అసలు వినకండి. కేటలేజ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్ తగ్గడాన్ని బట్టి 240 నానోమీటర్ల దగ్గర చూస్తాం, ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్‌ను 290 దగ్గర. మామూలు గాజు, ప్లాస్టిక్ ఆ అతినీలలోహిత కాంతిని తామే మింగేస్తాయి. ఆ రెండింటికీ క్వార్ట్జ్ క్యూవెట్ కావాలి. గ్వయకాల్ పెరాక్సిడేజ్ 470 దగ్గర, ఎన్‌బీటీ 560 దగ్గర, బ్రాడ్‌ఫర్డ్ ప్రోటీన్ 595 దగ్గర. వీటికి గాజు చాలు.

"ఎంజైము పెరిగిందంటే మందు పెరిగినట్టే"

ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాయాలనిపించింది. దీన్నుంచే తక్కిన చాలా తప్పులు పుడతాయి.

ఆకులో కిరణజన్యసంయోగక్రియ నడుస్తున్నంతసేపూ, మైటోకాండ్రియాలో శ్వాస నడుస్తున్నంతసేపూ కొంత ఆక్సిజన్ దారితప్పి సూపరాక్సైడ్ అవుతుంది. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైము పనిని బయటపెట్టారు. అదే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. ఆ పెరాక్సైడ్‌ను కేటలేజ్, ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ నీళ్ళుగా మారుస్తాయి. ఖర్చైపోయిన ఆస్కార్బేట్‌ను, గ్లూటాథియోన్‌ను గ్లూటాథియోన్ రిడక్టేజ్ వంటివి తిరిగి పనిలోకి తెస్తాయి. ఇది మొక్క తన ప్రాణం కోసం నడుపుకునే ఏర్పాటు. ఎండకు, ఉప్పుకు, చలికి, కోతకు, హార్మోను మోతాదుకు, సీసాలో ఊపిరాడకపోవడానికి ఇది పెరుగుతుంది. ఊళ్ళో ఫైరింజన్లు గంట కొట్టుకుంటూ తిరుగుతున్నాయంటే ఎక్కడో నిప్పంటుకుందని అర్థం. అంతేగానీ ఊరు పచ్చగా ఉందని కాదు.

సీసాలో పెరిగే కేలస్ ఇబ్బందులు చాలా. మూత బిగించిన చోట ఎథిలీన్ పేరుకుంటుంది, తేమ నిండుతుంది. నీరు పట్టి గాజులా మెరిసే రెమ్మలను చూసే ఉంటారు, ఆ స్థితిలో ఆక్సీకరణ ఒత్తిడి ఎక్కువ. ఇక మన ఊరి ఎండాకాలం. కల్చర్ గదిని 25 డిగ్రీల దగ్గర ఉంచాలి. రాత్రి కరెంటు పోయి ఏసీ ఆగితే తెల్లారేసరికి గది ఎంత వేడెక్కిందో ఎవరూ చూడరు. ఆ వారం కోసిన సీసాల్లో ఎంజైములు పెరిగి కనిపిస్తే, ఎలిసిటర్‌గా, అంటే మొక్కకు ఒత్తిడి తెచ్చేందుకు, సాలిసిలిక్ ఆమ్లమో మిథైల్ జాస్మొనేటో కలిపినందుకని రాసేస్తారు. కల్చర్ గదిలో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు ఒకటి తగిలించి, రోజూ నోట్‌బుక్కులో రాయండి. ఎలిసిటర్ కలిపిన సీసాలనూ కలపనివాటినీ ఒకే అరలో, పక్కపక్కనే, కలగలిపి పెట్టండి.

మరి మందు అంటే ఏది? అశ్వగంధలో వితనోలైడ్లు, నేలవేములో ఆండ్రోగ్రాఫోలైడ్, బిళ్ళగన్నేరులో విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్. ఇవి చిన్న అణువులు. వీటిని హెచ్‌పీఎల్‌సీ మీద, ప్రామాణిక నమూనాతో పోల్చి కొలవాలి. కేటలేజ్ పెద్ద ప్రోటీను. దాన్ని మనం తింటే పప్పులో ప్రోటీన్ లాగే పొట్టలో విరిగిపోతుంది. కేలస్‌లో కేటలేజ్ రెట్టింపైతే తిన్నవాడికి అదనంగా ఒరిగేదేమీ లేదు. ఒత్తిడి పెరిగినప్పుడు కొన్ని మొక్కల్లో మందు అణువులూ పెరుగుతాయి. నిజమే, అందుకే ఎలిసిటర్లు వాడతారు. అయితే పెరిగాయో లేదో ఆ అణువులనే కొలిచి చెప్పాలి, ఎంజైమును చూపి ఊహించకూడదు. కేలస్‌లో కణాలు ఆకారం మరిచిపోయి ఉంటాయి. వేరులోనో, ఆకు గ్రంథిలోనో తయారయ్యే మందు కేలస్‌లో అసలు పుట్టకపోవచ్చు కూడా.

ఈ పనిని ఎలా చేయాలో మన దగ్గరే చూపించినవాళ్ళున్నారు. ఉస్మానియా జెనెటిక్స్ విభాగానికి చెందిన పి.బి. కవి కిషోర్, అమెరికాలో డి.పి.ఎస్. వర్మ బృందంతో కలిసి 1995లో 'ప్లాంట్ ఫిజియాలజీ'లో ప్రచురించిన పని తీసి చదవండి. ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే ఒక జన్యువును పొగాకులో ఎక్కువగా పనిచేయించారు. ప్రోలీన్ మామూలు మొక్కల కంటే 10 నుంచి 18 రెట్లు పెరిగింది. వాళ్ళు ఆ అంకె దగ్గర ఆగలేదు. నీళ్ళు తగ్గించినప్పుడు వేళ్ళు ఎంత పెరిగాయో, పూలు ఎలా వచ్చాయో కూడా చూశారు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన అట్టిపల్లి రామచంద్రారెడ్డి, సహచరులతో కలిసి నీటి ఎద్దడిలో కిరణజన్యసంయోగక్రియ, యాంటీఆక్సిడెంట్ వ్యవస్థల గురించి 2004లో రాసిన సమీక్ష ఉంది. ఎంజైము పెరుగుదల మొక్క గురించి ఏం చెప్తుందో అర్థం కావాలంటే దానితో మొదలుపెట్టండి. మీ చర్చాధ్యాయం రాయడానికి పాత థీసిస్ కంటే అది ఎంతో మేలు.

"పచ్చి బరువు మీద లెక్కేస్తే అంకె బాగుంటుంది"

అంకె బాగుండటం మన పని కాదు. ఆకులో గ్రాముకు ఐదో వంతు ఎండు పదార్థం ఉందనుకుందాం, నీరుపట్టిన కేలస్‌లో ఇరవయ్యో వంతే ఉందనుకుందాం. పచ్చి బరువు మీద రెండింటిలో ఫినాలిక్కులు సమానంగా వస్తే, ఎండు బరువు మీద కేలస్‌లో నాలుగు రెట్లు ఎక్కువన్నమాట. అదే దత్తాంశం, రెండు వేరువేరు తీర్పులు. ఫినాలిక్కులను ఎండు బరువు మీద రాయండి. ఎంజైమును ప్రోటీను మిల్లీగ్రాముకూ, పచ్చి బరువుకూ రెండు విధాలా రాయండి. నీటి శాతం పక్కన చూపండి. కేలస్ వయసు కూడా రాయండి, ఎందుకంటే రెండు వారాల కేలస్, ఆరు వారాల కేలస్ పోల్చదగినవి కావు.

"ఐసీ50 ఎంత ఎక్కువ వస్తే అంత గొప్ప" అని కూడా వింటుంటాను. తలకిందుల మాట. రంగును సగానికి తగ్గించడానికి ఎంత మోతాదు కావాలన్నదే ఐసీ50. తక్కువ ఉంటేనే బలం ఎక్కువ. ఇక డీపీపీహెచ్ ఒక్కటీ పెట్టి ఊరుకోమనేవాళ్ళున్నారు. అది మొక్కలో ఎక్కడా లేని, సీసాలో కొన్న రాడికల్. కేలస్‌లో ఆంథోసయనిన్ ఎరుపు ఉంటే 517 నానోమీటర్ల దగ్గర అదీ కలిసిపోతుంది. డీపీపీహెచ్ వేయని ఎక్స్‌ట్రాక్టును బ్లాంక్‌గా పెట్టండి, పక్కన ఎఫ్‌ఆర్‌ఏపీ లాంటి వేరే సూత్రం మీద నడిచే పరీక్ష ఒకటి చేయండి.

ఒకే ఎక్స్‌ట్రాక్టును మూడు క్యూవెట్లలో పోసి "మూడు రెప్లికేట్లు" అనడం మాత్రం మానేయండి. అవి మూడు రీడింగులు, ఒక్క నమూనా. వేరువేరు సీసాల్లో పెరిగిన, వేరువేరుగా నూరిన కేలస్‌లే రెప్లికేట్లు. ఈ తేడా వదిలేస్తే సగటు మీద పెట్టిన నక్షత్రం గుర్తులకు విలువ లేదు.

"చివర్లో క్యాన్సర్, షుగర్ మాట కలుపు, బరువుగా ఉంటుంది"

ఏటా జనవరి 1 నుంచి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ జరుగుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇక్కడికి మారిన ఈ ప్రదర్శనకు ఊరంతా వస్తుంది. యాంటీఆక్సిడెంట్ పొడులు, రసాలు అమ్మే స్టాళ్ళ దగ్గర మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు నిలబడి వింటుంటారు. "పరిశోధనలో తేలింది" అన్న మాట అక్కడ వినిపిస్తుంది. ఆ పరిశోధన ఒక్కోసారి ఎవరో ఎంఎస్సీ విద్యార్థి సీసాలో కేలస్ మీద చేసిన డీపీపీహెచ్ పరీక్ష. మీరు చివరి పేజీలో బరువు కోసం రాసిన ఒక వాక్యాన్ని నమ్మి ఒకరు తమ షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మానేయొచ్చు.

సీసాలో రాడికల్‌ను ఆపినది ఒంట్లో జబ్బును ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ళ మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. యాంటీఆక్సిడెంట్ కదా మంచిదని రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చిన వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో బీటా కెరోటిన్, విటమిన్ ఏ కలిపి ఇచ్చిన ఇంకో పరీక్షను హాని కనిపించి 1996లో గడువుకు ముందే ఆపేశారు. ఆహారపదార్థాల యాంటీఆక్సిడెంట్ విలువల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన సైటు నుంచి తీసేసింది. ఆ అంకెలు ఆరోగ్యం మీద ప్రభావాన్ని చెప్పవని, కంపెనీలు వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నాయని కారణం చెప్పింది. మన దేశంలో ఇలాంటి ప్రకటనలను కట్టడి చేయడానికి 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, మన వాక్యానికి మనమే బాధ్యులం.

అయితే ఈ పని విలువ తక్కువని అనుకోకండి. రాయలసీమలో నన్నారి షర్బత్ కోసం, ఊరగాయ కోసం తవ్వే మారేడు గడ్డల మొక్క, డెకలెపిస్ హామిల్టోనీ, తూర్పు కనుమల్లోనూ దక్షిణాది కొండల్లోనూ మాత్రమే పెరుగుతుంది. గడ్డ తవ్వితే మొక్క పోతుంది. కణుపు ముక్క నుంచి సీసాలో వందల మొక్కలు చేసి, వేళ్ళు తెప్పించి, నెమ్మదిగా బయటి గాలికి అలవాటుచేసి పొలానికి ఇవ్వగలిగితే అడవి మీద భారం తగ్గుతుంది. సీసా నుంచి కుండీకి మారే ఆ వారాల్లోనే ఎక్కువ మొక్కలు చస్తాయి. అక్కడ యాంటీఆక్సిడెంట్ ఎంజైముల కొలత నిజంగా పనికొస్తుంది: ఏ మొక్క ఒత్తిడి తట్టుకుంటోంది, ఎంత వెలుగు, ఎంత తేమ ఇస్తే బతుకుతుంది అన్నది అది చెప్పగలదు. వచ్చే ఏడాది ప్రాజెక్టు ఎంచుకునేవాళ్ళు ఈ ప్రశ్న తీసుకోండి. కుండీలో ఎన్ని మొక్కలు బతికాయో ఆ లెక్కను ఎంజైము పట్టిక పక్కనే రాయండి.